ఆర్కే బీచ్ ఎదుట సముద్రం అడుగున ఉన్న 93 మందికి ఒక ఫలకం పెట్టాలా, వద్దా?

బీచ్‌రోడ్ వాసి (చర్చ మొదలుపెట్టినవారు):

విశాఖ వాళ్లకి ఆర్కే బీచ్‌లోని విక్టరీ ఎట్ సీ స్మారకం గురించి చెప్పక్కర్లేదు. 1971 యుద్ధంలో మన నేవీ గెలుపుకి గుర్తుగా 1996లో కట్టారు. నేవీ డే రోజున అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. చిన్నప్పుడు నాన్న నన్ను తీసుకెళ్లేవారు, ఇప్పుడు మా పాపని నేను తీసుకెళ్తున్నాను. అక్కడ నిలబడితే నాకు గర్వంగానే ఉంటుంది. ఆ గర్వాన్ని ఎవరూ తగ్గించుకోమని నేను అడగడం లేదు.

నేను అడుగుతున్నది వేరు. ఆ స్మారకం దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తే, కొద్ది కిలోమీటర్ల దూరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ ఇంకా అడుగునే ఉంది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికి 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరింది. అది ఇక్కడికి వచ్చేసరికి విక్రాంత్ అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. లోపలున్న 93 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకే (నీటి లోపల పేలే బాంబులకే) మునిగిందని మనం అంటాం. లోపలి పేలుడు వల్లో, తన మైన్ల వల్లో మునిగిందని వాళ్లు అంటారు. యాభై ఏళ్లు దాటినా ఆ వాదన తెగలేదు. ఆ వాదనలో ఆ 93 మంది ఒక అంకెగా మాత్రమే మిగిలారు.

2024 ఫిబ్రవరిలో మన నేవీ తన డీఎస్‌ఆర్‌వీతో (మునిగిన సబ్‌మెరైన్లలోని వాళ్లని కాపాడే వాహనంతో) గాజీ ఉన్న చోటుని గుర్తించిందనీ, చనిపోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదనీ పేపర్లలో వచ్చింది. వాళ్లని ముంచామని చెప్పుకునే నేవీయే ఆ గౌరవం చూపించినప్పుడు, తీరం మీద మనం ఒక చిన్న ఫలకం పెట్టలేమా? జెండా అక్కర్లేదు, పొగడ్త అక్కర్లేదు. ఇక్కడ ఇంతమంది మనుషులు ఉన్నారని చెబితే చాలు. మీరేమంటారు?

గాజువాక మాజీ నావికుడు:

తమ్ముడూ, నువ్వు మంచి మనసుతోనే రాశావు. కానీ నేను ఒప్పుకోను. 15 ఏళ్లు నేవీలో, అందులో ఎక్కువ కాలం ఇంజిన్ రూమ్‌లో పని చేశాను. గాజీ ఇక్కడికి పిక్నిక్‌కి రాలేదు. విక్రాంత్ దొరికుంటే వందల మంది మనవాళ్లు పోయేవాళ్లు. అప్పుడు ఆ 93 మంది కరాచీలో పతకాలు పెట్టుకుని తిరిగేవాళ్లు.

ఇంకో మాట. ఐదు రోజుల తర్వాత, డిసెంబర్ 9న, డయ్యూ దగ్గర మన ఐఎన్‌ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తప్పించుకునే వీలున్నా ఓడ వదల్లేదు, దానితోపాటే వెళ్లిపోయారు. వాళ్ల కోసం కరాచీ బీచ్‌లో ఎవరైనా ఫలకం పెట్టారా? ముందు అది చెప్పు.

బీచ్‌రోడ్ వాసి:

పెట్టలేదనే అనుకుందాం సర్. వాళ్లు పెడితేనే మనం పెడతామంటే అది బేరం అవుతుంది. రావణుడు చనిపోయాక అంత్యక్రియలు చేయమని విభీషణుడితో రాముడే కదా అన్నది. పగ చావుతోనే పోయిందన్నాడు. మన ఇళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ ఆ మాట అంటారు.

గాజువాక మాజీ నావికుడు:

సరిగ్గా చూడు తమ్ముడూ. రాముడు ఆ పని విభీషణుడికి అప్పజెప్పాడు. విభీషణుడు రావణుడి తోడబుట్టినవాడు. కర్మ చేయాల్సింది అయినవాళ్లు. గాజీ వాళ్లకి పాకిస్తాన్ చేసుకోవాలి, విశాఖ కాదు.

ఓరుగల్లు చరిత్ర:

మాజీ నావికుడు గారు, మీరన్నది నిజమే. అయితే అయినవాళ్లే కాదన్నప్పుడు ఏం చేయాలి? 1999 కార్గిల్‌లో అదే జరిగింది. కొండల మీద పోయిన సైనికుల్ని పాకిస్తాన్ తమవాళ్లు కాదంది, ముజాహిదీన్లంది. చాలా శవాలు తీసుకోలేదు. వాళ్ల మత ఆచారం ప్రకారం మన సైన్యమే పూడ్చిపెట్టింది. టైగర్ హిల్ దగ్గర చనిపోయిన కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది అతని పేరులో భాగమే) చాలా ధైర్యంగా పోరాడాడని మన బ్రిగేడియర్ బాజ్వా ఒక చీటీ రాసి, అతని జేబులో పెట్టి పంపారు. ఆ తర్వాత పాకిస్తాన్ అతనికి తన అత్యున్నత పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. మనవాళ్లని చంపినవాడికి ఆ చీటీ రాసింది వెచ్చటి గదిలో కూర్చున్న మేధావి కాదు, ఆ కొండ మీద తన జవాన్లని పోగొట్టుకున్న కమాండర్. నాకు ఆ చీటీ కన్నా పెద్ద వాదన కనిపించదు.

అయినా ఫలకం విషయంలో నాకూ ఒక ఇబ్బంది ఉంది, దాచను. 1971 మామూలు యుద్ధం కాదు. తూర్పు బెంగాల్లో ఆ ఏడాది మార్చి నుంచి పాకిస్తాన్ సైన్యం చేసింది మారణహోమం. కోటి మంది దాకా మన దేశానికి శరణార్థులై వచ్చారు. అప్పుడు ఫ్రాన్స్‌లోని టూలాన్ రేవులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ మాంగ్రోలో శిక్షణలో ఉన్న బెంగాలీ నావికులు 8 మంది, సొంత ఊళ్లలో జరుగుతున్నది విని ఓడ వదిలి పారిపోయారు. ఎలాగోలా ఇండియా చేరుకుని, బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడుతున్న ముక్తి బాహినిలో కలిశారు. అంటే యూనిఫాం వేసుకున్నవాడికి వేరే దారే లేదనడం పూర్తిగా నిజం కాదు. ఫలకం మీద గౌరవం అని రాస్తే, ఏ పనికి గౌరవం అని ఢాకా నుంచి ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి.

మిలిటరీ మాధవరం మనవడు:

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. అందరూ మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లాడు. అది ఎవరి యుద్ధం? మనది కాదు. మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్లారు, దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. స్వాతంత్య్రం వచ్చాక వాళ్లని ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. తెల్లదొర కోసం చచ్చినవాడిని దేశభక్తుడు అంటామా, జీతగాడు అంటామా? పుస్తకాలు వాళ్లని వదిలేశాయి. మా ఊరు వదల్లేదు. మా నాయనమ్మకి ఆ యుద్ధం ఎందుకు జరిగిందో తెలియదు, ఎవరు గెలిచారో కూడా సరిగ్గా తెలియదు. తన మామగారు ఏ నెలలో బయల్దేరాడో, వెళ్లేటప్పుడు గడప దగ్గర ఏమన్నాడో మాత్రం చనిపోయేదాకా చెబుతూనే ఉండేది.

అందుకే నాకు ఈ చర్చలో న్యాయం ఎటువైపు అన్నది రెండో ప్రశ్న. రాజకీయం ఇరవై ఏళ్లకోసారి మారుతుంది, ఇంటి ముందు గడప మారదు. నా ఓటు ఫలకానికే.

సీమ అక్క:

అందరూ పెద్ద పెద్ద మాటలు రాశారు. నేను చిన్నగా చెబుతాను. మా తమ్ముడు జవాను. సరిహద్దులో పోయాడు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఇక్కడ రాయను. శవపేటిక వచ్చిన రోజు మా ఊళ్లో నిలబడటానికి చోటు లేదు. మూడు నెలల తర్వాత మా మరదలు ఒక ఆఫీసులో ఒక్క సంతకం కోసం చంటిబిడ్డని ఎత్తుకుని నాలుగుసార్లు తిరిగింది. ప్రతిసారీ ఇంకో కాగితం అడిగారు. వీరనారి అని వేదిక మీద శాలువా కప్పినవాళ్లలో ఒక్కరూ ఆ వరండాలో కనబడలేదు.

గల్వాన్ గుర్తుందా? 2020 జూన్ 15 రాత్రి 20 మంది పోయారు. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మంచి పని. మిగతా 19 కుటుంబాలకీ, వేరే రాష్ట్రాల వాళ్లయినా, తలా 10 లక్షలు ఇస్తామంది. అదీ పెద్ద మనసే. కానీ ఒకే రాత్రి, ఒకే లోయలో పోయిన ప్రాణాలు కదా, ఏ రాష్ట్రంలో పుట్టాడు, ఏ ర్యాంకు, టీవీలో ఎంత చూపించారు అనేవాటిని బట్టి ఇంటికి చేరేది మారిపోతుంది. మా పక్క గోరంట్ల మండలం కళ్లితండా కుర్రాడు మురళీ నాయక్ 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పోయాడు. నాలుగేళ్ల కాలానికి చేర్చుకునే అగ్నివీర్. రాష్ట్రం ముందుకొచ్చి సాయం చేసింది, నేను కాదనను. కానీ మామూలు జవాను ఇంటికి జీవితాంతం వచ్చే ఫ్యామిలీ పెన్షన్ అగ్నివీర్ ఇంటికి రాదు. ఆ స్కీమ్ అలా రాశారు. తూటాకి ఆ తేడా తెలుస్తుందా?

ముందు మనవాళ్ల లెక్క తేల్చండి. ఆ తర్వాత సముద్రం అడుగున ఉన్నవాళ్ల గురించి ఆలోచిద్దాం.

బీచ్‌రోడ్ వాసి:

అక్కా, మీ మాటకి ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్కటే అంటాను. ఫలకం ఖర్చు ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి వద్దు. మీ మరదలుకి ఆ సంతకం ఇవ్వనిది గాజీ కోసం కట్టబోయే ఫలకం కాదు, ఇక్కడున్న మనమే.

సీమ అక్క:

తెలుసు నాయనా. అందుకే కోపం.

సిడ్నీ తెలుగు:

నేనుండే ఊళ్లో ఇలాంటిదే జరిగింది, అందుకే రాస్తున్నాను. 1942 మే 31 రాత్రి జపాన్ వాళ్లవి మూడు బుల్లి సబ్‌మెరైన్లు సిడ్నీ రేవులోకి చొరబడ్డాయి. (మన విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది కూడా ఆ ఏడాది ఏప్రిల్లోనే, ఆనాటి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.) టార్పిడో తగిలి కుట్టబుల్ అనే నౌక మునిగింది, అందులో నిద్రపోతున్న 21 మంది నావికులు చనిపోయారు. రెండు సబ్‌మెరైన్లని పైకి తీస్తే నలుగురు జపాన్ నావికుల శవాలు దొరికాయి. ఊరంతా కోపంతో రగిలిపోతున్న ఆ రోజుల్లోనే సిడ్నీ నేవీ అధిపతి ఆ నలుగురికీ పూర్తి నౌకాదళ లాంఛనాలతో దహనం చేయించాడు. శవపేటికల మీద జపాన్ జెండా కప్పించాడు. చాలా తిట్లు తిన్నాడు. ఆ అస్థికలు అదే ఏడాది జపాన్ చేరాయి.

గాజువాక మాజీ నావికుడు:

అప్పటికి ఆస్ట్రేలియా వాళ్లు వేల మంది జపాన్ చెరలో ఉన్నారు. వాళ్లని బాగా చూస్తారన్న ఆశతో చేసిన పని అది. ఎత్తుగడ.

సిడ్నీ తెలుగు:

అవునండి, ఆ ఆశ కూడా ఉందనే అంటారు. ఆశ ఫలించలేదు కూడా, చెరలో ఉన్నవాళ్లు నరకం చూశారు. అయినా చేసిన పని తప్పని ఇప్పుడు ఇక్కడెవరూ అనగా నేను వినలేదు. మూడో సబ్‌మెరైన్ 2006లో దొరికింది. దాన్ని పైకి తీయలేదు, లోపల ఇద్దరున్నారని అలాగే కాపాడుతున్నారు.

జాలరిపేట:

నేను పెద్దగా రాయలేను, మాది వేట మీద బతికే ఇల్లు. గాజీ మునిగిన ఆ రాత్రి మా నాన్నకి పన్నెండేళ్లు. ఇంటి పెంకులు అదిరాయట, భూకంపం అనుకుని అందరూ బయటికి పరిగెత్తారట. తర్వాత నీళ్ల మీద నూనె తెట్టు, ఏవో ముక్కలు కనబడ్డాయి. వేటకి వెళ్లినవాళ్లకి లైఫ్ జాకెట్ ఒకటి దొరికితే నేవీ వాళ్లకి అప్పజెప్పారు.

నాన్న నలభై ఏళ్లు వేట చేశాడు. బోటు అటువైపు వెళితే ఇంజిన్ మోత తగ్గించి, దోసిట్లో నీళ్లు తీసుకుని నుదుటికి అద్దుకునేవాడు. ఎవరికి నాన్నా అని అడిగితే, కింద ఉన్నోళ్లకిరా, గంగమ్మ ఒళ్లో ఉన్నోళ్లకి అనేవాడు. వాళ్లు ఏ దేశం వాళ్లో నాన్నకి బాగా తెలుసు.

మా పేటలో తుఫాన్లకి పోయి ఇప్పటికీ రానివాళ్లున్నారు. శవం దొరికిన ఇంట్లో ఏడుపుకి ఒక రోజు ఉంటుంది. దొరకని ఇంట్లో ఉండదు. మా మేనత్త పదకొండేళ్లు బొట్టు తీయలేదు. రాత్రి తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. కరాచీలోనో పెషావర్‌లోనో 93 ఇళ్లలో అలా ఎంతమంది కూర్చున్నారో. ఆ పిల్లలకి ఇప్పుడు అరవై ఏళ్లు వచ్చుంటాయి. వాళ్ల నాన్న ఎక్కడున్నాడో మనకి తెలుసు. ఇక్కడున్నాడని చెప్పడానికి ఒక రాయి పెడితే మన గెలుపు తగ్గిపోతుందా?

ఓరుగల్లు చరిత్ర:

నేను పైన అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. ఫలకం మీద గౌరవం అన్న మాటే వద్దు. ఎక్కడున్నారో చెప్పడం వేరు, చేసిన పనిని మెచ్చుకోవడం వేరు. మొదటిది చేద్దాం. ఢాకా వాళ్లు అడిగినా అదే చెప్పొచ్చు.

బీచ్‌రోడ్ వాసి:

సరే, ఒక చిత్తు రాశాను. చూడండి.

"1971 డిసెంబర్ 3-4 అర్ధరాత్రి ఈ సముద్రంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీలోని 93 మంది నావికులు ఇక్కడ నిద్రిస్తున్నారు."

తెలుగులోను, ఉర్దూలోను. చందాలతోనే. విక్టరీ ఎట్ సీ ఆవరణలో కాదు, వేరేగా. నేవీ, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి లేకుండా ఏమీ చేయం, ముందు అర్జీ పెడదాం.

సీమ అక్క:

అర్జీ మీద సంతకం పెడతాను. ఒక షరతు. సంతకం పెట్టే ప్రతి ఒక్కరూ తమ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకసారి వెళ్లి, ఆ వరండాలో ఎవరు కూర్చున్నారో చూసి, వాళ్లకి ఏ కాగితం తక్కువైందో అడిగి రావాలి. ఫోన్‌లో కాదు, వెళ్లి.

మిలిటరీ మాధవరం మనవడు:

సోమవారం వెళ్తున్నాను అక్కా.

గాజువాక మాజీ నావికుడు:

నా ఓటు ఇప్పటికీ వద్దనే. ఖుక్రీలో పోయినవాళ్లతో కలిసి పనిచేసిన సీనియర్ల దగ్గర నేను పని నేర్చుకున్నాను. వాళ్ల ముఖాలు గుర్తొస్తే నా చెయ్యి సంతకానికి లేవదు. నన్ను బలవంతం చేయకండి.

కానీ రాసేటట్టయితే ఒక మాట మార్చు తమ్ముడూ. నిద్రిస్తున్నారు అని రాయకు. ఇంజిన్ రూమ్‌లోకి నీళ్లు వస్తే ఎలా ఉంటుందో మాకు శిక్షణలో చూపించారు. లైట్లు పోతాయి, తలుపులు అవతలి నుంచి బిగిస్తారు. వాళ్లు నిద్రలో పోలేదు. చనిపోయారు అని రాయి.