రొట్టెల పండుగ ఫోటో మీద ’98 ముద్ర: రెట్రో యాప్‌లు వాడటం తప్పా?

పెన్నాగట్టు (నెల్లూరు):

పాత నెల్లూరు ఫోటోలు పంచుకునే గుంపుల్లో ఒక ఫోటో తెగ తిరుగుతోంది. మీలో చాలామంది చూసే ఉంటారు. స్వర్ణాల చెరువులో నడుము లోతు నీళ్లలో జనం, ఒకామె చేతిలో రొట్టె, ఎదురెండకు నీళ్లన్నీ నారింజ రంగు. కుడి అంచున ఎర్రటి వెలుగు చార. కింద మూలన నారింజ అంకెల్లో ’98, దాని పక్కన 7, 8, అంటే జూలై 8. "ఆ రోజులే వేరు", "అప్పట్లో ఇంత తక్కువ జనం వచ్చేవాళ్లా", "ఆ నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడండి" అని కింద కామెంట్లు.

అది 1998 ఫోటో కాదు. అయ్యే వీలే లేదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ మొహర్రం నెలలో వస్తుంది. హిజ్రీ క్యాలెండర్‌లో మనకున్నట్టు అధికమాసం ఉండదు కాబట్టి పండుగ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకొచ్చేస్తుంది. 1998లో మొహర్రం ఏప్రిల్ ఆఖర్లో మొదలైంది, పండుగ మేలో జరిగింది. ఈమధ్య జూలైలో వచ్చింది 2024, 2025 లాంటి సంవత్సరాల్లో. హూజీ క్యామ్ లాంటి రెట్రో యాప్, అంటే ఫోన్ ఫోటోను పాత రీలు ఫోటోలా చూపించే యాప్, చేసేదేమిటంటే, ఈరోజు తేదీ, నెల అలాగే ఉంచి సంవత్సరం మాత్రం 1998 అని కొడుతుంది. నెల చూసి లెక్కేసుకుంటే దొరికిపోతుంది కానీ, ఫోన్లో ఫోటో చూసి ఎంతమంది లెక్కేస్తారు?

నా మాట సూటిగా చెప్తాను. పెళ్లి రోజుకో, బీచ్‌కు వెళ్లినప్పుడో ఈ యాప్‌లు వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఊరి పండుగ, ఊరి చెరువు, ఊరి వీధి తీసేటప్పుడు వాడకూడదు. రేపు ఎవరైనా 2025లో ఆ చెరువు ఎలా ఉండేదో చూడాలనుకుంటే వాళ్లకు దొరికేది ఈ నారింజ నీళ్లా? మీరేమంటారు?

మైపాడు అల:

ఆ ఫోటో తీసింది నేను. నా పేజీలో పెట్టిన రోజే కింద రాశాను, 2025 పండుగ అని, ఏ యాప్‌తో తీశానో కూడా. క్యాప్షన్ కత్తిరించి పాత ఫోటో అని తిప్పింది వేరేవాళ్లు. నన్ను అడగలేదు కూడా.

ఎందుకు ఆ యాప్ వాడానో చెప్పనివ్వండి. ఆ నీళ్లలో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లు. తడి బట్టలు, కళ్లు మూసుకుని మొక్కుకుంటున్న మొహాలు. పిల్లలు కావాలని సంతానం రొట్టె పట్టుకునే ఆమె, తన కొడుకు ఉద్యోగం కోసం వచ్చిన ఆమె, వీళ్లెవరూ నా ఫోటో కోసం రాలేదు. ఫోన్‌లో ఉండే మామూలు కెమెరాతో ఎదురెండలో తీస్తే ఏమవుతుందో ఎప్పుడైనా గమనించారా? అది వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తుంది. నీడలో ఉన్న మొహాలన్నీ వెలుగులోకి లాగేస్తుంది. ఎవరెవరో గుర్తుపట్టేంత స్పష్టంగా. నాకు అది వద్దు. రెట్రో యాప్ నీడను నీడగానే వదిలేసింది. నా ఫోటోలో ఒక్క మొహం కూడా తెలియదు, చేతులు, రొట్టె, నీళ్లు మాత్రమే. ఆ పండుగ నాకు అలాగే కనబడింది.

ఇంకోటి. ఆ యాప్‌లో చూసే కిటికీ పెట్టె గోరంత ఉంటుంది. దాన్ని చూస్తూ ఎక్కువసేపు నిలబడలేం. కాబట్టి ఫోన్ వైపు కాకుండా మనుషుల వైపు చూస్తాం.

కావలి ప్యాసింజర్:

ఈ గొడవ మనం కొత్తగా మొదలుపెట్టింది కాదు. హిప్‌స్టామాటిక్ అనే యాప్ 2009 డిసెంబర్‌లో వచ్చింది. చతురస్రం ఫోటోలు, మార్చుకునే లెన్సులు, రీళ్లు, అన్నీ ఫోన్‌లోనే. మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ డేమన్ వింటర్ అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైనికులను ఆ యాప్‌తోనే తీశారు. ఆ పత్రిక మొదటి పేజీలో వేసింది. 2011లో పిక్చర్స్ ఆఫ్ ద ఇయర్ ఇంటర్నేషనల్ పోటీలో ఆ ఫోటోల వరసకు మూడో బహుమతి వచ్చింది. అప్పుడు లేచింది దుమారం. వార్తా ఫోటోకు యాప్ రంగులా అని ఒక వర్గం. వింటర్ వాదన, తాను ఫోటోలోకి ఏమీ చేర్చలేదు, ఏమీ తీసేయలేదు, రంగు ఎంపిక ఫోటోగ్రఫీలో ఎప్పుడూ ఉన్నదే అని. పైగా చేతిలో ఉన్నది ఫోన్ కావడంతో సైనికులు బిగుసుకుపోలేదు.

ఆ లెక్కన మైపాడు అల చేసింది కూడా తప్పు కాదు. చేర్చలేదు, తీసేయలేదు.

పెన్నాగట్టు (నెల్లూరు):

చేర్చలేదా? ’98 అని ఎవరు చేర్చారు మరి? వింటర్ ఫోటోల మీద తప్పుడు సంవత్సరం లేదు కదా. రంగు గురించి ఎంతైనా వాదించుకోవచ్చు, అది చూసేవాడి కంటికి సంబంధించింది. తేదీ అలాంటిది కాదు, సరైనదో కాదో రెండే. కాగా క్యాప్షన్‌లో రాశాను అంటున్నారు. రాశారు, నమ్ముతున్నాను. కానీ క్యాప్షన్ ఫోటో వెంట పోదు. ఒకరు సేవ్ చేసుకుని ఇంకొకరికి పంపగానే ఊడిపోతుంది. ఫోటో లోపలే ముద్ర పడిన అంకెలు మాత్రం ఎక్కడికెళ్లినా వెంటే వెళ్తాయి. నిజం బయట రాసి అబద్ధం లోపల ముద్రించినట్టయింది.

ఒంగోలు డార్క్‌రూమ్:

నేను స్టూడియోలో పనిచేసినవాణ్ణి, ఒంగోలులో. రీళ్లు కడిగాను, నలుపు తెలుపు ప్రింట్లు వేశాను, తర్వాత కలర్ ల్యాబ్‌లో మిషన్ మీదా పనిచేశాను. మీ ఇద్దరికీ ఒక సంగతి చెప్పాలి.

మీరు 1998 రంగులు అనుకుంటున్నవి 1998 రంగులు కావు. ఆ ఏడాది కడిగి చేతికిచ్చిన ప్రింట్‌లో ఆకు ఆకుపచ్చగానే ఉండేది, తెల్ల చొక్కా తెల్లగానే ఉండేది. కాకపోతే కస్టమర్ డబ్బులిచ్చేవాడా? ప్రింట్‌లో మూడు రంగుల పొరలుంటాయి. డెబ్బైల్లో, ఎనభైల్లో వచ్చిన కాగితాల్లో నీలి పొర అన్నిటికన్నా ముందు పోయేది, ఆల్బమ్‌లో చీకట్లో ఉంచినా సరే. నీలం పోతే మిగిలేది ఎరుపూ పసుపూ. మీ ఇళ్లల్లో పెళ్లి ఫోటోలు ఇటుక రంగులోకి తిరగడానికి కారణం అదే. అంటే ఈ యాప్‌లు చూపించేది అప్పటి ఫోటో కాదు. అప్పటి ఫోటో ముసలిదైతే ఎలా ఉంటుందో అది.

ఇక ఆ అంచున ఎర్ర చార. అది కెమెరా వెనక మూత సరిగ్గా పట్టకో, మూత చుట్టూ ఉండే నల్ల స్పాంజి పొడిపొడి అయిపోయో లోపలికి వెలుతురు దూరితే పడేది. రీలు పాడైందని మా దగ్గర మొత్తుకునేవాళ్లు. ఒకసారి దేవుడి కల్యాణం రీలు మొత్తం అలా పోయింది. ఆ ఇంటాయన కౌంటర్ దగ్గర కూర్చుండిపోయాడు, లేవలేదు. ఇప్పుడు దాన్ని బటన్ నొక్కి వేసుకుంటున్నారంటే ఆశ్చర్యమే, కానీ నాకు కోపం లేదు. పిల్లలకు అందంగా కనిపిస్తోంది, కనిపించనీండి.

తేదీ ముద్ర సంగతికొస్తే, మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్న చౌక కెమెరాల్లో ఆ సదుపాయమే లేదు. ఉన్నవాళ్లు కూడా బ్యాటరీ మార్చాక తేదీ సరిచేసుకునేవాళ్లు కాదు. ఉగాది ఫోటో మీద జనవరి ఒకటి అని పడి వచ్చిన ప్రింట్లు ఎన్నో చూశాను. కాబట్టి అంకె ఉంది కదా అని పాత ఫోటోను కూడా నమ్మొద్దు. ప్రింట్ వెనక్కి తిప్పండి. కాగితం కంపెనీ పేరుంటుంది, ఒక్కోసారి ల్యాబ్ ముద్ర ఉంటుంది. ఇంట్లో ఎవరో పెన్నుతో రాసిన తేదీ ఉంటే అదే గట్టి సాక్ష్యం.

మైపాడు అల:

మీ మాట చదువుతుంటే ఆనందంగా ఉంది సార్. ఒక ప్రశ్న. స్టూడియోల్లో మీరు నెగిటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు, గీతలు పోగొట్టేవాళ్లు కదా? వెనక తాజ్‌మహల్ తెర, ఊటీ తోట తెర. అది తప్పు కానప్పుడు నా రంగులు ఎలా తప్పవుతాయి?

ఒంగోలు డార్క్‌రూమ్:

రంగులు తప్పని నేను అనలేదమ్మా. తాజ్‌మహల్ తెర ముందు నిలబడ్డ దంపతులను చూసి ఒంగోలు మనిషి ఎవరూ ఆగ్రా వెళ్లొచ్చారనుకోలేదు. తెర అని అందరికీ తెలుసు, ముడతలు కూడా కనబడేవి. నీ ఫోటో మీద 98 చూసినవాళ్లు నిజంగానే 98 అనుకున్నారు. తేడా అంతే.

సంతపేట:

ఇలాంటి యాప్‌లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో తేదీ ముద్ర ఆపేసే వీలుంది. ఇంత చర్చ ఎందుకు, ఆపేస్తే సరిపోతుంది కదా?

పెన్నాగట్టు (నెల్లూరు):

ముద్ర ఆపేస్తే సగం తీరుతుంది, ఒప్పుకుంటాను. కానీ ముద్ర లేకపోయినా ఆ ఇటుక రంగూ ఆ చారా చూసి జనం పాతదనే అనుకుంటారు. ఒంగోలు సార్ చెప్పిందే తీసుకోండి, అది ముసలితనం తాలూకు రంగు. కొత్త ఫోటోకు ముసలితనం పూస్తే వయసు అబద్ధం చెప్పినట్టే.

ఉదయగిరి మెట్లు:

నేను కుర్రాణ్ణే అన్నా, కాలేజీ. మీరంతా రంగు, తేదీ దగ్గరే ఆగిపోయారు. నాకు ఈ యాప్‌లు ఇచ్చింది వేరు. 2017లో కొరియా నుంచి గుడాక్ అని ఒక యాప్ వచ్చింది. 24 ఫోటోలు తీస్తే రీలు అయిపోయినట్టే, కొత్త రీలుకు గంట ఆగాలి. తీసిన ఫోటోలు చూడాలంటే మూడు రోజులు ఆగాలి. మా అన్న అది పెట్టుకుని ఉదయగిరి కోట ఉన్న కొండెక్కాడు, నేనూ ఎక్కాను. మామూలు కెమెరాతో నేను గుమ్మం గుమ్మానికీ పది తీసి, తీసిన ప్రతిసారీ ఆగి చూసుకుని, డిలీట్ చేసి, మళ్లీ తీసుకుంటూ వెనకబడిపోయాను. వాడు ఒక గోడ దగ్గర ఎండ పక్కకు తిరిగేదాకా కూర్చున్నాడు, ఒకటే తీశాడు. రాళ్ల మధ్య పూత ఎలా పెచ్చులూడిందో, ఎక్కడ మొక్క మొలిచిందో ఆ ఒక్క ఫోటోలో ఉంది. నా దగ్గరున్న బోలెడన్నిటిలో లేదు. ఎందుకంటే నేను అసలు అంతసేపు ఆ గోడను చూడలేదు.

ఆ ఓపిక నేర్పే యాప్‌ను అబద్ధం అనడం నాకు నచ్చలేదు.

కావలి ప్యాసింజర్:

భలే చెప్పావు తమ్ముడూ. ఇక్కడ అబద్ధం అంటున్నవాళ్లు మామూలు ఫోన్ కెమెరాను నిజం అనుకుంటున్నారు, అక్కడే వస్తోంది చిక్కు. 2023 మార్చిలో సామ్‌సంగ్ ఫోన్ల చంద్రుడి మీద పెద్ద చర్చ జరిగింది. ఒకతను చంద్రుడి బొమ్మను కావాలని మసకగా చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గది చీకటి చేసి, ఫోన్‌తో తీశాడు. ఫోటోలో తెర మీద లేని వివరాలు వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు మెరుగుపరుస్తుందని కంపెనీ కూడా వివరణ ఇచ్చింది. హూజీ వేసే ఎర్ర చార కంటికి కనబడుతుంది, ఇది వేసేది కనబడదు. ఏది ఎక్కువ ప్రమాదం?

పెన్నాగట్టు (నెల్లూరు):

రెండూ ప్రమాదమే. ఒకటి తప్పు చేస్తోందని ఇంకోదానికి అనుమతి రాదు. అయినా చంద్రుడు ఎక్కడికీ పోడు, రేపు రాత్రి మళ్లీ చూసుకోవచ్చు. చెరువు అలా కాదు. స్వర్ణాల చెరువు గట్టు నా కళ్ల ముందే ఎంత మారిపోయిందో నాకు తెలుసు. నీటి రంగు, గట్టు మీద షాపులు, జనం కట్టుకున్న బట్టలు, ఇవన్నీ ఆ ఏటికి ఆ ఏడే. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

మైపాడు అల గారూ, ఒక సాయం అడుగుతాను. ఆ ఫోటో తిరుగుతున్న చోటల్లా కింద రాస్తున్నాను, ఇది 2025 అని. ముద్ర, రంగు లేని అసలు ఫోటో ఉంటే పంపండి, పక్కన పెడతాను. మొహాలు తెలిసేలా ఉంటే వద్దు, మీరు చెప్పిన కారణం సరైనదే.

మైపాడు అల:

అసలు ఫోటో అంటూ లేదండీ. నేను వాడిన యాప్ రంగు, చార, తేదీ అన్నీ కలిపే సేవ్ చేస్తుంది. విడిగా ఏదీ మిగలదు.

పెన్నాగట్టు (నెల్లూరు):

నేను భయపడింది దానికే. మీ ఫోటో తప్ప ఆ క్షణానిది ఇంకేమీ లేదు, ఆ ఉన్నదాని మీద వేరే ఏడాది ఉంది.

ఒంగోలు డార్క్‌రూమ్:

అమ్మా, ఒక మాట విను. మేము పెళ్లిళ్లకు రెండు కెమెరాలు పట్టుకెళ్లేవాళ్లం, ఒకదాంట్లో కలర్, ఒకదాంట్లో నలుపు తెలుపు. నువ్వూ అదే చెయ్యి. ముందు మామూలు కెమెరాతో ఒకటి. ఎదురెండలో మొహాలు తేలుతున్నాయంటే తెర మీద వెలుతురు ఉన్న చోట వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరుపు. నీడలు నల్లగానే ఉండిపోతాయి. ఆ తర్వాత నీ యాప్‌తో ఒకటి.

మైపాడు అల:

అది చేస్తాను సార్. వేలితో వెలుతురు తగ్గించడం మైపాడులో సూర్యోదయానికి చేస్తుంటాను, పండుగ రోజు ఆ తోపులాటలో వీలుపడలేదు. ఈసారి రెండూ తీస్తాను. తేదీ ముద్ర కూడా ఆపేస్తాను, పెన్నాగట్టు గారి మాటలో ఆ ఒక్కటీ కాదనలేను. మామూలు ఫోటో మీ గుంపుకు పంపుతాను, సంవత్సరం ఫైల్ పేరులోనే రాసి.

కానీ నా పేజీలో పెట్టేది మాత్రం ఆ నారింజ నీళ్లదే.

పెన్నాగట్టు (నెల్లూరు):

పెట్టండి. కింద నేను మళ్లీ రాస్తాను.