కార్ల్ ష్మిట్ పేరు పేపర్లో ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న (అనంతపురం, లా విద్యార్థి):
రాజ్యాంగం మూల స్వరూపాన్ని సవరణతో కూడా పార్లమెంటు మార్చకూడదనే సిద్ధాంతం (మూల స్వరూప సిద్ధాంతం) మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి హద్దులున్నాయని 1965లో బెనారస్ హిందూ యూనివర్సిటీలో డీట్రిష్ కాన్రాడ్ అనే జర్మన్ ప్రొఫెసర్ ఉపన్యాసమిచ్చారు. ఆ వాదన ఎక్కడిదా అని తవ్వితే కార్ల్ ష్మిట్ అనే జర్మన్ న్యాయ పండితుడి 1928 నాటి పుస్తకం తేలింది. చూస్తే నాజీ పార్టీ మనిషి! "ఆ పేరు ఎత్తకు, అనవసరంగా టెన్షన్" అంటున్నారు మా సార్. తీసేయనా?

జవాబు (కర్నూలు, ముప్పై ఏళ్లుగా సివిల్ ప్రాక్టీసు):
తీసేయొద్దు నాయనా. అలాగని పుస్తకం పేరొక్కటే రాసి వదలొద్దు. 1933లో కొలోన్ యూనివర్సిటీలో హాన్స్ కెల్సన్ అనే లా ప్రొఫెసర్‌ను యూదుడని పక్కన పెట్టారు. ఆయన కోసం తోటి ప్రొఫెసర్లు విన్నపం రాస్తే, ఆ ఫ్యాకల్టీలో సంతకం పెట్టనిది ష్మిట్ ఒక్కడే. ష్మిట్‌కు అక్కడ ఉద్యోగమిచ్చేటప్పుడు కెల్సన్ అడ్డుపడలేదు, అదీ సంగతి. ఆ ఏడే మే 1న ష్మిట్ నాజీ పార్టీలో చేరాడు. మరుసటి ఏడు జూన్ 30న హిట్లర్ విచారణ లేకుండా చంపించినవాళ్లలో మాజీ ఛాన్సలర్ ష్లైషర్ ఒకడు. ష్మిట్ ఒకప్పుడు ఆ వర్గానికే సలహాలిచ్చాడు. నెల తిరిగేసరికి 'నాయకుడే న్యాయాన్ని కాపాడతాడు' అని వ్యాసం అచ్చేశాడు. నేనూ చెత్త కేసులు వాదించాను, కాదనను. కానీ మనవాడి శవం లేవకముందే చంపినవాడి వకాల్తా పుచ్చుకోవడమా!

1936లో నాజీల సాయుధ దళం ఎస్సెస్ పత్రికే ష్మిట్ మీద తిరగబడితే పార్టీ పదవులు పోయాయి. బెర్లిన్‌లో ప్రొఫెసర్ కుర్చీ మాత్రం 1945 దాకా కదల్లేదు. యుద్ధం ముగిశాక నాజీల విచారణలు జరిగిన నూరెంబర్గ్‌లో ప్రశ్నించి, కేసు పెట్టకుండా వదిలేశారు. 96 ఏళ్లు బతికాడు.

జవాబు (కడప):
అన్నా, అంతా ష్మిట్ ఖాతాలోనే వేస్తే ఎట్లా? కొన్ని మూల సూత్రాలను సవరణతో కూడా తాకకూడదని 1949 జర్మన్ రాజ్యాంగం 79వ ఆర్టికల్‌లో రాసుకుంది. హిట్లర్ దెబ్బ తిన్నాక వచ్చిన తెలివి అది. కాన్రాడ్ వచ్చింది ఆ దేశం నుంచే కదా. ఇంకోటి తమ్ముడూ, 1973లో మూల స్వరూప సిద్ధాంతాన్ని నిలబెట్టిన సుప్రీంకోర్టు కేశవానంద భారతి తీర్పులో కాన్రాడ్ మాటలను ఉదహరించిన జస్టిస్ ఖన్నాయే, 1976లో ఎమర్జెన్సీ నిర్బంధాల కేసులో నలుగురు జడ్జీలకు ఎదురు ఒక్కడే నిలబడ్డాడు. అదీ రాయి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. మా సార్ ఒక మెట్టు దిగారు, పేరు ఫుట్‌నోట్లో పెట్టుకోమన్నారు. రాత్రి నుంచి కుస్తీ పడుతున్నా, ఆ సంతకం సంగతి ఫుట్‌నోట్లో ఇమడడం లేదు. పైకే తెస్తున్నా.