పైన్ విత్తన తోట: ఒక్క మార్కర్ తండ్రితో కలవకపోతే బయటి పుప్పొడి కింద లెక్కించాలా?

స్కాట్స్ పైన్ విత్తన తోట. 28 క్లోన్లు (ఒక్కో చెట్టు నుంచి తీసిన జన్యు నకళ్లు), అన్నీ అంటు మొక్కలే. చుట్టూ అదే జాతి అడవి ఉంది కాబట్టి, బయటి పుప్పొడి ఎంత వస్తోందో తేల్చడానికి 9 మైక్రోశాటిలైట్ మార్కర్లతో (డీఎన్‌ఏలో పొడవు చెట్టు చెట్టుకూ మారగల చిన్న భాగాలు) గింజల పితృత్వం చూస్తున్నాం. పిండాన్నీ, దాని చుట్టూ ఉండే పోషక కణజాలాన్నీ విడివిడిగా పరీక్షించాం. ఆ కణజాలంలో తల్లి వాటా ఒక్కటే ఉంటుంది, అందుకే పిండంలో తండ్రి అల్లీల్ (ఆ మార్కర్ రూపం) ఏదో సూటిగా తెలుస్తుంది.

చిక్కు ఇక్కడే. ఒక్క మార్కర్ ఏ క్లోన్‌తోనూ కలవకపోయినా బయటి పుప్పొడే అనుకుంటే దాని వాటా 52 శాతం. ఒక తేడాను వదిలేస్తే 31కి పడిపోతోంది. ఇంత తేడా ఉంటే ఏ అంకెనూ నమ్మబుద్ధి కావడం లేదు. పైగా ఆ తేడాలు ఎక్కువగా ఒకే మార్కర్ దగ్గర వస్తున్నాయి. అక్కడ పిండానికి ఒకే పీక్ (ఒకే అల్లీల్ కనిపిస్తోంది), తండ్రి కాగల క్లోన్‌కూ ఒకే పీక్, కానీ రెండూ వేర్వేరు సైజులు. నల్ అల్లీల్ (ఉన్నా పరీక్షలో కనిపించని అల్లీల్) అని నా గట్టి అనుమానం.

లేబుళ్లు మారాయేమోనని ప్రతి అంటు మొక్క సూదులూ తెచ్చి మళ్లీ జీనోటైప్ చేశాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డీఎన్‌ఏ కొత్తగా తీసి, ఎనీలింగ్ (ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క అతుక్కునే) ఉష్ణోగ్రత తగ్గించి పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు పెంచే పద్ధతి) చేసినా ఫలితం మారలేదు. పైన్‌లో క్లోరోప్లాస్ట్ తండ్రి నుంచి వస్తుంది కదా అని ఆ మార్కర్లూ చూశాం. కానీ మా క్లోన్ల హాప్లోటైప్‌లు (ఆ మార్కర్ల కలయికలు) కొన్ని బయటి అడవిలోనూ ఉన్నాయి, కాబట్టి అవి తేల్చలేదు. అనుమానం ఉన్న మార్కర్‌ను తీసేస్తే, మిగిలిన 8తో కొన్ని గింజలకు ఇద్దరేసి తండ్రులు సరిపోతున్నారు.

ఇలాంటప్పుడు ఆ మార్కర్‌ను పూర్తిగా పక్కన పెట్టాలా, లేక నల్ అల్లీల్‌కు వీలిచ్చి లెక్కలో ఉంచాలా?