‘ఊ కొట్టడం’: విన్నట్టా, విననట్టా?

ప్రశ్న (ఒడిశాలోని బరంపురం నుంచి): ‘మైండ్‌ఫుల్ పేరెంటింగ్’, అంటే పిల్లల దగ్గర ఉన్నప్పుడు మనసూ అక్కడే ఉంచడం గురించి మా వీధి తల్లిదండ్రుల కోసం తెలుగులో ఒక పేజీ రాయాలి. ‘ఎరుక’ అంటే వేదాంతంలా ఉంది, ‘పూర్తి స్పృహ’ అంటే ఆపరేషన్ థియేటర్ గుర్తొస్తోంది. ఇంట్లో వాడే మాటేదైనా ఉందా మేష్టారూ?

జవాబు (పర్లాకిమిడి నుంచి): పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ఆ ‘మైండ్‌ఫుల్‌నెస్’ ‘సతి’, సంస్కృతంలో ‘స్మృతి’. 1881లో ఆ గ్రంథాలను ఇంగ్లీషులోకి అనువదిస్తూ రీస్ డేవిడ్స్ దాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అన్నాడు. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ దాన్ని రోగులకు నేర్పడం మొదలుపెట్టాడు. పేరు ఎన్ని ఊళ్లు తిరిగినా, పిల్లల దగ్గర చేయాల్సింది మన ‘ఊ కొట్టడమే’. కథ చెప్పే మామ్మ మధ్యలో ఆగి "ఊ కొట్టవేంరా?" అనేది. ఊ ఆగిందంటే గుంటడు నిద్రపోయాడని లెక్క. ఇప్పుడు చెప్పేది పిల్లలు, ఊ కొట్టేది మనం. మన ధ్యాస ఫోన్లో పడి కొట్టుకుపోయినా ఊ మాత్రం ఆగదు!

మా వదిన కొడుకు ఒడియా బడిలో చదువుతున్నాడు. మొన్న వచ్చీ రాగానే "అమ్మా, ఇవాళ నా సాంగ రాలేదు" అన్నాడు. సాంగ అంటే ఒడియాలో స్నేహితుడు, మా ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే. వదిన ఫోన్లోంచి తలెత్తకుండా "ఊఁ, రేపు దీదీని అడిగి నేర్చుకుందువులే" అంది. పాట రాలేదనుకుంది మరి! వాడు ఆవిడ వంక ఓసారి చూసి, సంచీ అక్కడే పడేసి వీధిలోకి పోయాడు.

మరొకరు (రాయగడ నుంచి): ఆలోచించకుండా తలూపడాన్ని కూడా ఊ కొట్టడమే అంటాం కదండీ. ‘పరధ్యానం’ మనకుంది, దానికి ఎదురుమాటగా ‘ధ్యాస’ నయం కాదూ?

జవాబు (పర్లాకిమిడి నుంచి): నయమే. కాకపోతే పిల్లాడి మీద ధ్యాస పెట్టమంటే మావాళ్లు వెంటనే లెక్కల పుస్తకం తెరుస్తారు. ఇక్కడ దిద్దాల్సింది వాణ్ణి కాదు. కోపం వస్తోందని ముందు మనకు తెలియాలి, అరిచే లోపు ఒక్క ఊపిరి పీల్చుకోవాలి. "ఎందుకు రాలేదురా?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగాలి. మధ్యలో మనసు పొయ్యి మీది కూర మీదికి పోతుంది, పోనివ్వండి. పోయిందని గమనించి వెనక్కి తెచ్చుకోవడమే అభ్యాసమంతా.

శీర్షికలో ‘ధ్యాస’ పెట్టండి, లోపల ఊ కొట్టే సంగతి రాయండి. ‘సాంగ’ని మాత్రం ‘స్నేహితుడు’ అని మార్చకండి, మీ బరంపురంలో అది తెలుగే.