హోప్ ఐలాండ్‌కి సొంత మోటారు బోటులో: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

తూరంగి_బుజ్జి
మా బావమరిది 18 అడుగుల ఫైబర్ బోటు కొన్నాడు. వెనక 9.9 హార్స్‌పవర్ పెట్రోలు మోటారు. జనవరిలో ఒకరోజు పొద్దున్నే కాకినాడ ఉప్పుటేరులోంచి బయల్దేరి, హోప్ ఐలాండ్ (కాకినాడ బేకి అడ్డంగా ఉన్న ఇసక దిబ్బ) లోపలి ఒడ్డు పట్టుకుని తిరిగి, వీలైతే కోరంగి మడ అడవి అంచు కూడా చూసి, చీకటి పడకుండా వచ్చేద్దామని. పెద్దవాళ్ళం నలుగురం, ఏడేళ్ళ పాప. పెట్రోలు ఎంత పట్టుకెళ్ళాలి? పోటు, పాటు (సముద్రం నీళ్ళు ఎక్కడం, దిగడం) ఎలా చూసుకోవాలి? అనుమతి ఎవరిని అడగాలి? ఆడవాళ్ళకి బాత్రూం సంగతేంటి? వాంతులకి ఏం చేస్తారు?

ఏటిమొగ_కుర్రోడు
జనవరి మంచిదే. గాలి పొద్దున్న పల్చగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక లేస్తుంది. అందుకే తిరుగు ప్రయాణం పన్నెండు లోపే పెట్టుకోండి. కెరటం కంటే బురదకే భయపడాలి మీరు. కోరంగి వైపు పాటు దిగితే కనుచూపు మేర బురదే తేలుతుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా అందులోనే కూర్చోవాలి. కిందటేడు ఒక టూరు బోటువాడు మా చుట్టాల్ని అలాగే అయిదు గంటలు ఎండలో కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు కూడా లేవు. డబ్బులు మాత్రం ముందే తీసుకున్నాడు.

ఇంకోటి. ఇంజన్ని చల్లబరిచిన నీళ్ళు మోటారు పక్కనుంచి సన్నగా ధార పడతాయి చూడండి, దాని మీద ఓ కన్నుండాలి. బురద పీల్చుకుంటే ఆ ధార ఆగిపోతుంది. ఆగిందంటే వెంటనే మోటారు ఆపెయ్యాలి, లేదా ఇంజను కాలిపోతుంది.

గాల్వెస్టన్_మూర్తి
నాకిక్కడ టెక్సాస్‌లో సొంత బోటుంది, వారం వారం గాల్వెస్టన్ బేలో తిప్పుతాను. పెట్రోలు లెక్క సులువు: వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ముట్టుకోకుండా ఒక వంతు. ఆ సైజు మోటారు పూర్తిగా తిప్పితే గంటకి నాలుగు లీటర్ల దాకా తాగుతుంది. తిరిగి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయాల్ని (దారి చూపించడానికి నీళ్ళ మీద తేలే గుర్తులు) కుడిచేతి వైపు ఉంచుకుని రండి, దారి తప్పరు.

చీఫ్_ఆఫీసర్_రిటైర్డ్
మూర్తిగారూ, ఆ చివరి వాక్యం దయచేసి తీసెయ్యండి. ఎర్రది కుడివైపు అనేది అమెరికాలో. మన దేశంలో సముద్రం నుంచి రేవులోకి వస్తుంటే ఎరుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. మీ మాట నమ్మి వచ్చినవాడు సరిగ్గా లోతు లేని చోటికే పోతాడు.

గాల్వెస్టన్_మూర్తి
సముద్రం అంతా ఒకటే కదండీ. లైసెన్సు కోర్సులో మాకు నేర్పిందే రాశాను.

చీఫ్_ఆఫీసర్_రిటైర్డ్
సముద్రం ఒకటే, బోయాలు రెండు రకాలు. 1980లో దేశాలన్నీ కూర్చుని ప్రపంచాన్ని రెండు ముక్కలు చేశాయి. ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ మీ లెక్క. మిగతా ప్రపంచమంతా, మనతో సహా, నేను చెప్పిన లెక్క. నేను రెండు పద్ధతుల్లోనూ ఓడ నడిపినవాణ్ణి. వారానికోసారి చేపలు పట్టే బోటుతో దీన్ని పోల్చకండి.

గాల్వెస్టన్_మూర్తి
ఓడ నడిపారు సరే, ఓడకి పైలట్ వచ్చి దారి చూపిస్తాడు కదా. చిన్న బోటు చుక్కాని మీరెప్పుడైనా పట్టుకున్నారా?

చీఫ్_ఆఫీసర్_రిటైర్డ్
లైఫ్‌బోటు అనేది ఒకటి ఉంటుంది సార్. ప్రతి ఓడలోనూ దాన్ని దింపి నడిపి చూపించాల్సిందే.

ఏటిమొగ_కుర్రోడు
అయ్యా, ఇద్దరూ కాస్త ఆగండి. ఆ బోయాల మధ్య దారి ఓడలకీ, బియ్యం మోసుకెళ్ళే బార్జీలకీ. వీళ్ళ బోటుకి నాలుగడుగుల నీళ్ళుంటే చాలు. అసలు ఆ దారిలో వీళ్ళకేం పని? బార్జీ పక్కనుంచి పోతే లేచే అల చాలు, చిన్న బోటుని పక్కకి పడేస్తుంది. దారి బయటే ఉండండి, దాటాల్సి వస్తే అడ్డంగా, తిన్నగా, త్వరగా దాటెయ్యండి.

చీఫ్_ఆఫీసర్_రిటైర్డ్
అది నిబంధన కూడా. 20 మీటర్ల లోపు పడవ ఇరుకు దారిలో పెద్ద ఓడకి అడ్డం రాకూడదు.

యానాం_లక్ష్మి
రంగులు తేలాయా అన్నయ్యలూ? ఆ అమ్మాయి బాత్రూం అడిగితే ఒక్కరూ పలకలేదు. మగవాళ్ళకి అది సమస్యే కాదు మరి. మూతున్న బకెట్టు, రెండు పాత చీరలు, నాలుగు కట్టె ముక్కలు పట్టుకెళ్ళండి, బోటు ముందు భాగంలో మరుగు కట్టుకోవచ్చు. దిబ్బ మీద చాటు దొరుకుతుందిలే అనుకోకండి, అంతా ఇసక, సరుగుడు చెట్లు. మడ చెట్ల మధ్యకి అసలు దిగొద్దు, వాటి ఊపిరి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి.

వాంతులకి అవొమిన్ మాత్ర బయల్దేరడానికి గంట ముందే వెయ్యాలి, మొదలయ్యాక వేస్తే అదీ బయటికే. పాపకి ఎంత డోసో డాక్టర్ని అడగండి. పెట్రోలు వాసన తగలని చోట కూర్చోబెట్టి దూరంగా ఒడ్డు చూడమనండి. ఫోను చేతికివ్వొద్దు.

తూరంగి_బుజ్జి
థాంక్స్ అక్కా. నేను అమ్మాయిని కాదు, అబ్బాయినే 🙂 పోటు, పాటు గురించి ఎవరైనా చెప్పండి. ఫోనులో యాప్ చూస్తే సరిపోతుందా?

పంచాంగం_బాబాయి
యాప్ ఎందుకు నాయనా. తిథికి రెండు ఘడియలు. అంటే ఈరోజు పోటు ఎప్పుడొచ్చిందో చూసుకుంటే రేపు 48 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమికి నీళ్ళు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి దగ్గర తక్కువ. మీకు అష్టమి, నవమి రోజులే మేలు.

చీఫ్_ఆఫీసర్_రిటైర్డ్
సగటున రోజుకి 50 నిమిషాలు. అన్ని రోజులూ ఒకేలా ఉండదు.

పంచాంగం_బాబాయి
రెండు నిమిషాల కోసం కూడా పోట్లాటేనా!

ఏటిమొగ_కుర్రోడు
యాప్‌లో చూపించేది పోర్టు దగ్గరి వేళ. ఏట్లోపలికి పోటు ఆలస్యంగా చేరుతుంది, గాలిని బట్టి కూడా మారుతుంది. పోటు ఎక్కుతుండగా కోరంగి వైపు వెళ్ళండి, సగం దిగకముందే బయటపడండి. పోటు ఎక్కేటప్పుడు ఇసకకి తగిలినా నీళ్ళే లేపుతాయి. దిగేటప్పుడు తగిలితే ఇక అంతే.

గోదారి_గట్టు
లైఫ్ జాకెట్ల మాట ఎవరూ ఎత్తరేం? 2019లో కచ్చులూరు బోటు ప్రమాదం తర్వాత కూడా మనకి బుద్ధి రాలేదు. పాపకి పాప సైజుదే కొనండి, పెద్దదైతే నీళ్ళలో మెడ మీదకి జారి ఊడిపోతుంది. మోటారు ఆపే తాడు నడిపేవాడి చేతికి కట్టుకోవాలి.

సరదా_శీను
అది గోదారి, వరద మీదున్న ఏరు. బే లోపల కెరటమే ఉండదు. మరీ భయపెట్టేస్తున్నారు.

గోదారి_గట్టు
కెరటం లేని నీళ్ళలో ఎవరూ మునగరా? మీ ఇంట్లో పిల్లల్ని ఎక్కిస్తే ఇలాగే మాట్లాడతారా?

ఏటిమొగ_కుర్రోడు
శీనూ, బే ప్రశాంతంగా ఉండేది ఆ దిబ్బ అడ్డం ఉండబట్టే. దాని ఉత్తరపు కొస దాటి చూడు, అసలు సముద్రం కనిపిస్తుంది. కోస్ట్‌గార్డు నంబరు 1554 ఫోనులో పెట్టుకోండి. ఎప్పుడొస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళండి.

మడ_మిత్ర
కోరంగి అభయారణ్యం. లోపలికి వెళ్ళాలంటే ముందు అటవీశాఖ వాళ్ళని అడగాల్సిందే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు దిబ్బ మీద గుడ్లు పెడతాయి, ఇసక తవ్వొద్దు, రాత్రి ఉండొద్దు. అదృష్టం ఉంటే ఏటి ఒడ్డున బావురుపిల్లి కనిపిస్తుంది. ఒకసారి పాటు వేళ బురద మీద దాని అడుగులు చూసి అరగంట మాట్లాడకుండా కూర్చున్నాం.

సరదా_శీను
దిబ్బ మీద వంట చేసుకోవచ్చా? కోడి పలావు?

మడ_మిత్ర
మంట పెట్టొద్దు. ఇంట్లోనే వండుకుని పట్టుకెళ్ళండి, ప్లాస్టిక్ వెనక్కి తెచ్చుకోండి.

యానాం_లక్ష్మి
పులిహోర, పెరుగన్నం చాలు. ఎండలో మాంసం పాడైపోతుంది.

గాల్వెస్టన్_మూర్తి
ఇక్కడ మేం బోటులోనే గ్రిల్ పెట్టుకుంటాం.

చీఫ్_ఆఫీసర్_రిటైర్డ్
పెట్రోలు డబ్బా పక్కనేనా?

సరదా_శీను
బుజ్జి గారూ, ఆ 9.9 మోటారు ఎంతకి కొన్నారు మీ బావమరిది? రెండు స్ట్రోకులదా, నాలుగుదా? మా దగ్గర పాతదొకటి ఉంది, గేరు పడటం లేదు. బాగు చేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి.