అప్‌డేట్: కార్న్ స్నేక్ పిల్ల తినేసింది!

కొత్తగా తెచ్చిన కార్న్ స్నేక్ (విషం లేని పెంపుడు పాము) పిల్ల రెండు వారాలుగా ఎలుకపిల్లను ముట్టడం లేదని అడిగాను కదా, నిన్న రాత్రి తినేసింది! మొదటి లోపం వేడి దగ్గర. మేతకని ఫ్రీజర్‌లో దాచిన చచ్చిన ఎలుకపిల్ల పైన మెత్తబడినా లోపల చల్లగానే ఉండేది. ఈసారి రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, జిప్ కవర్లో పెట్టి 40 డిగ్రీల నీళ్లలో పావుగంట ఉంచి, పట్టకారుతో అందించాను. అయినా మొహం తిప్పుకుంది. అప్పుడు వాసన బాగా తగిలేలా ఎలుకపిల్ల తలకు సూదితో చిన్న గాటు పెట్టి, గాలిరంధ్రాలున్న చిన్న డబ్బాలో రెంటినీ ఉంచి గుడ్డ కప్పాను. డబ్బాను హీట్ మ్యాట్ (పాము తొట్టెకు వేడినిచ్చే కరెంటు పరుపు) మీద మాత్రం పెట్టకండి, పాము ఉడికిపోతుంది. పొద్దున చూస్తే డబ్బాలో ఎలుకపిల్ల లేదు, పాము నడుం దగ్గర గోలీకాయంత ఉబ్బు! 48 గంటలు చేత్తో పట్టుకోను, కదిలిస్తే కక్కేయొచ్చు. ఒకవేళ కక్కితే 10 రోజులు ఆగి, ఇంకా చిన్నది ఇవ్వాలి.