తెలిసిన నిజాన్ని పుస్తకం కోసం దాచిపెట్టొచ్చా?

మండల విలేకరి
అందరికీ నమస్కారం. పదహారేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. మొదట లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త కొలతని బట్టి డబ్బులిచ్చే పద్ధతిలో, కంట్రిబ్యూటర్‌ని, తర్వాత స్టాఫర్‌ని, రెండేళ్ళ కిందట మానేశాను. ఇప్పుడు పుస్తకాలు రాద్దామని కూర్చున్నా. చేతిలో రెండున్నాయి. ఒకటి మా ప్రాంతంలో జరిగిన ఒక హత్య కేసు. తీర్పు వచ్చి మూడేళ్ళయింది, ఎఫ్ఐఆర్ నుంచి సాక్షుల వాంగ్మూలాల దాకా సర్టిఫైడ్ కాపీలన్నీ తెచ్చుకున్నాను. రెండోది ఒక ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్ళ నీళ్ళ సంగతి. నా టెన్షనంతా దీని గురించే.

మా ఇంట్లో పుస్తకాల అలమరలో నాలుగు సీసాలున్నాయి, నాలుగు బోర్ల నీళ్ళు. ఒక్కోదానికీ తేదీ, ఇంటి నంబరు రాసి చీటీ అంటించాను. పట్టినప్పుడు మామూలు నీళ్ళలాగే ఉంటాయి. రెండోరోజుకి పైన సన్నగా నూనె పొరలాంటిది తేలుతుంది, మూడోరోజుకి అడుగున ఇటుక రంగు మడ్డి చేరుతుంది. రెండు సీసాలకి ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించాను. రిపోర్టు బాగాలేదు. పేపర్లో ఉండగా ఈ వార్త రెండుసార్లు పంపితే రెండుసార్లూ డెస్కులోనే ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీ యాడ్లు మా జిల్లా పేజీల్లో వస్తుండేవి, అంతకంటే చెప్పను.

ఇప్పుడు ఒక ప్రచురణకర్త ముందుకొచ్చారు, మంచి మనిషి. "ఇప్పుడే అంతా బయటపెట్టేస్తే పుస్తకంలో కొత్తదేముంటుంది, ఇంకో రెండేళ్ళు తవ్వండి, ఒకేసారి వేద్దాం" అంటున్నారు. ఆగాలా? ఆగకూడదా? మీరేమంటారు?

పాత కాయితాలు
ఆగొద్దు అన్నా. ఒక్కరోజు కూడా.

భోపాల్ రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి సంగతి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. 1981 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ ప్లాంటులో ఫాస్జీన్ అనే విషవాయువు లీకై ఆయన మిత్రుడొకరు చనిపోయాడు. అక్కణ్ణుంచి ఆయన ఆ ఫ్యాక్టరీ వెంటపడ్డాడు. లోపల పనిచేసేవాళ్ళతో మాట్లాడాడు, కంపెనీ సొంత భద్రతా తనిఖీ రిపోర్టు సంపాదించాడు, కెమిస్ట్రీ తెలియకపోతే పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాడు. 1982 సెప్టెంబరు 17న తన చిన్న వారపత్రిక 'రపట్'లో "బచాయియే హుజూర్, ఇస్ షహర్ కో బచాయియే" అని రాశాడు. అయ్యా, ఈ ఊరిని కాపాడండి అని. అక్టోబరులో మళ్ళీ రెండుసార్లు రాశాడు, ముఖ్యమంత్రికి ఉత్తరం పెట్టాడు. 1984 జూన్ 16న 'జనసత్తా'లో ఇంకోసారి. ఆ డిసెంబరు 2 అర్ధరాత్రి గ్యాస్ వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఒప్పుకున్న చావుల లెక్కే 3,787.

ఆయన కూడా "మొత్తం సమాచారం చేరనీ, పెద్ద పుస్తకం వేద్దాం" అనుకుని ఉంటే? 1985లో పుస్తకం వచ్చేది, బ్రహ్మాండంగా అమ్ముడుపోయేది కూడా. ఈపాటికి ఆయన పేరు మనం ఇలా తలుచుకునేవాళ్ళం కాదు.

పుస్తకాల పురుగు
మీరు చెప్పిన కథే నా వాదన కూడా. కేస్వానీ నాలుగుసార్లు రాశాడు. ఎవరు విన్నారు? చిన్న పత్రిక, ఒంటరి మనిషి, లొల్లి చేస్తున్నాడని కొట్టిపారేశారు. జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వార్త వేస్తే మర్నాటికి ఏమవుతుందో విలేకరి గారికి నేను చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీవాళ్ళు ఒక ట్యాంకర్ నీళ్ళు పంపిస్తారు, ఒక మెడికల్ క్యాంపు పెడతారు, ఫొటో పడుతుంది, అయిపోయింది. పైగా మన దగ్గర ఏముందో, ఏం లేదో వాళ్ళకి ముందే తెలిసిపోతుంది.

పుస్తకం అలా కాదు. అమెరికాలో డాన్ ఫాగిన్ అనే పర్యావరణ విలేకరి న్యూజెర్సీలోని టామ్స్ రివర్ అనే ఊరి గురించి రాశాడు. రంగుల ఫ్యాక్టరీ వ్యర్థాలు, కలుషితమైన బావులు, పిల్లలకి క్యాన్సర్లు. 2013లో వచ్చింది, 2014లో పులిట్జర్ బహుమతి. రసాయన పరిశ్రమ పుట్టినప్పటి నుంచి, క్యాన్సరుకీ కాలుష్యానికీ లంకె నిరూపించడం ఎందుకంత కష్టమో దాకా అంతా ఉంటుంది. అలాంటిది వార్తగా రాయలేం. అన్నట్టు ఆ ఊరి బావుల్ని చెడగొట్టిన వ్యర్థాల్లో కొన్ని డ్రమ్ములు యూనియన్ కార్బైడ్‌వే, 1971లో ఒక కోళ్ళఫారం స్థలంలో పారబోసినవి. ఇలా ఒక ఊరికీ ఇంకో ఊరికీ ముడి వేసి చూపించాలంటే పుస్తకమే కావాలి.

పాత కాయితాలు
సరే, ఆ ఉదాహరణే తీసుకుందాం. టామ్స్ రివర్ పిల్లల సంగతి మొదట బయటికొచ్చింది 1996లో, దినపత్రికలో. ఆ వార్త పడ్డాక ఊరు కదిలింది, ప్రభుత్వం దర్యాప్తు మొదలుపెట్టింది, 2001లో 69 కుటుంబాలతో కంపెనీలు రాజీకొచ్చాయి. పుస్తకం వచ్చింది ఆ తర్వాత పన్నెండేళ్ళకి. వార్త ముందు, పుస్తకం వెనక. ఫాగిన్ ఎవరి ప్రాణం మీదున్న నిజాన్నీ దాచుకుని కూర్చోలేదు. ఆయన్ని నేనూ మెచ్చుకుంటాను, కానీ ఈ ప్రశ్నకి ఆయన సాక్ష్యం మీవైపు రాదు.

ఇక "ఎవరు విన్నారు" అన్నారు కదా. వినకపోవడం వినాల్సినవాళ్ళ తప్పు. చెప్పకపోతే ఆ తప్పు మనది అవుతుంది.

కోర్టు మెట్లు
నేను లాయరుని, పర్యావరణ కేసులు కొన్ని చూశాను. నీతి గురించి మీరిద్దరూ మాట్లాడుకోండి, నేను గడువుల గురించి చెప్తాను, ఎందుకంటే విలేకరి గారి ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళాలంటే 2010 నాటి చట్టం ప్రకారం వివాదానికి కారణం పుట్టిన ఆరునెలల్లోపు వెళ్ళాలి. నష్టపరిహారం, నీళ్ళూ నేలా బాగుచేయించడం లాంటివాటికి ఐదేళ్ళు. సరైన కారణం చూపిస్తే రెండింటికీ ఇంకో అరవై రోజులిస్తారు. కాలుష్యం ఇంకా సాగుతూనే ఉంది కాబట్టి గడువు దాటలేదని వాదించొచ్చు, వాదిస్తాం కూడా. కానీ ఆ వాదన చేయాల్సిన అవసరం ఎందుకు తెచ్చుకోవడం? రెండేళ్ళు సీసాలు మీ అలమరలో ఉంటే ఎదుటి లాయరు మొదట అడిగేది "మీకు ఎప్పుడు తెలిసింది?" అనే.

ఇంకొకటి. ఫ్యాక్టరీ మీద చర్య తీసుకోవాలంటే మీ ల్యాబు రిపోర్టు ఒక్కటే సరిపోదు. 1974 నీటి చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అధికారి ఫ్యాక్టరీవాళ్ళకి నోటీసిచ్చి, వదులుతున్న వ్యర్థజలాల నమూనా తీసి, దాన్ని రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు పెట్టించాలి. ఆ పద్ధతి తప్పితే ఆ పరీక్ష కోర్టులో సాక్ష్యంగా నిలబడదు. మీ రిపోర్టు ఎందుకు పనికొస్తుందంటే, అధికారిని అక్కడికి రప్పించడానికి. ఆ పనికి ఈరోజే వాడండి. రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, నెల తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ కాయితాలన్నీ రేపు మీ పుస్తకంలో అధ్యాయాలే.

పరువు నష్టం భయం ఉంటే, నిజం రాశామన్నది ఒక్కటే క్రిమినల్ కేసులో కాపాడదని గుర్తుంచుకోండి. భారతీయ న్యాయ సంహిత 356లోని మొదటి మినహాయింపుకి నిజం కావాలి, ప్రజా ప్రయోజనమూ కావాలి. జనం తాగే నీళ్ళ కంటే పెద్ద ప్రజా ప్రయోజనం ఏముంటుంది? అదే మాట రెండేళ్ళు దాచి పుస్తకంగా అమ్మితే ఆ వాదన పలచబడుతుంది.

చెల్లెలు
అందరూ ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోయారు. ఆ హత్య కేసు పుస్తకం గురించి ఎవరూ అడగలేదు.

మా అన్నయ్య హత్యకి గురై పదకొండేళ్ళయింది. ఊరూ పేరూ చెప్పను. అప్పట్లో ఒక పత్రికలో వరసగా నాలుగు రోజులు రాశారు. మా వదిన గురించి రాసినవాటిలో సగం పోలీసుల నోటిమాట, ఇంకో సగం పక్కింటి మాట. కోర్టులో అవేవీ నిలబడలేదు. కానీ ఆ పేపరు కట్టింగులు ఇప్పటికీ ఎవరో ఒకరు పెళ్ళి సంబంధాలప్పుడు మా పిల్లల ముందు తీస్తారు. మూడేళ్ళ కిందట ఒకాయన ఫోన్ చేసి "మీ కేసు మీద పుస్తకం రాస్తున్నాను" అన్నాడు. మా అమ్మ ఫోన్ ఇటివ్వమని తీసుకుని ఒక్కటే అడిగింది: "బాబూ, మావాడికి ఏం ఇష్టమో తెలుసా నీకు?" ఆయనకి తెలియదు. హంతకుడి గురించి మాత్రం అన్నీ తెలుసు, జైల్లో రెండుసార్లు కలిశాడట.

కపోటీ అనే అమెరికన్ రచయిత గురించి తర్వాత చదివాను. 1959లో కాన్సాస్‌లో ఒక రైతు కుటుంబంలో నలుగుర్ని చంపిన కేసు మీద రాశాడు. మిగతా పుస్తకమంతా అయిపోయినా ముగింపు కోసం ఆగాడు, ఆ ఇద్దర్నీ 1965 ఏప్రిల్లో ఉరితీశాకే పూర్తిచేశాడు. ఆ పుస్తకం గొప్పదే కావచ్చు. ఇద్దరు మనుషుల చావు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునే పరిస్థితిలోకి రాసేవాడు వెళ్ళకూడదని మాత్రం నాకనిపిస్తుంది.

విలేకరి గారూ, మీ హత్య పుస్తకాన్ని ఎన్నేళ్ళయినా ఆపొచ్చు, దాన్ని ఆపితే ఎవరికీ ఏమీ కాదు. నీళ్ళది ఆపలేరు. రాసేముందు చనిపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళండి. రికార్డర్ లేకుండా వెళ్ళండి మొదటిసారి.

పుస్తకాల పురుగు
చెల్లెలు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. హత్య పుస్తకం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

కానీ నీళ్ళ విషయంలో నా భయం ఇంకా అలాగే ఉంది, అది అమ్మకాల గురించి కాదు. 2018 మార్చిలో మధ్యప్రదేశ్ భిండ్‌లో సందీప్ శర్మ అనే టీవీ విలేకరి లారీ కింద పడి చనిపోయాడు. ఇసుక మాఫియాకీ పోలీసులకీ ఉన్న సంబంధాల మీద స్టింగ్ చేసినవాడు, తన ప్రాణానికి ముప్పుందని ముందే రాసిచ్చినవాడు. మన విలేకరి అన్న దగ్గర ఇప్పుడు సంస్థ లేదు, ఐడీ కార్డు లేదు, వెనక ఎడిటర్ లేడు. ఊళ్ళో ఉండే ఒంటరి మనిషిని "రేపే బయటపెట్టు" అని మనం ఇక్కడ కూర్చుని చెప్పడం తేలిక. పుస్తకం ఉంటే కనీసం ఒక ప్రచురణకర్త, ఒక లాయరు, నలుగురు పెద్దమనుషులు ఉంటారు.

కెమిస్ట్రీ మాస్టారు
ఆ భయం నిజమే, కొట్టిపారేయకూడదు. అయితే రహస్యం ఒక్కరి దగ్గరే ఉన్నంతకాలం ఆ ఒక్కరికే ప్రమాదం. పదిమంది దగ్గర కాపీలుంటే ఒకణ్ణి బెదిరించి లాభం ఉండదు.

పటాన్‌చెరు చూడండి. నక్కవాగు రంగు మారిందని అక్కడి రైతులు, డాక్టర్ కిషన్ రావు గారిలాంటివాళ్ళు ఎన్నేళ్ళు మొత్తుకున్నారు! 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించి ప్రచురించారు. దాదాపు తొంభై మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చే కేంద్రం అది. శుద్ధి అయ్యాక బయటికొచ్చిన నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకునే రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఆ ఒక్క అంకెని ఇవాళ్టికీ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. జనం గోడు ముందు నుంచీ ఉంది, దానికి అంకె తోడయ్యాక ఎవరూ కాదనలేకపోయారు.

అందుకని నా సలహా: రెండు సీసాలు కాదు, నాలుగూ చేయించండి. పాత నీళ్ళు కాదు, మళ్ళీ పట్టండి. ఫ్యాక్టరీకి ఎగువన ఒక బోరు, దిగువన మూడు. ఎగువ బోరు బాగుండి దిగువవి చెడితేనే మీ మాట నిలబడుతుంది. గుర్తింపు ఉన్న ల్యాబులోనే, వాళ్ళ సీసాల్లోనే. పదిహేను రోజుల పని, రెండేళ్ళు అక్కర్లేదు. ఖర్చుకి ఇక్కడ మనం తలా కొంత వేద్దాం, నా వంతు నేను ఇప్పుడే ఇస్తాను.

మండల విలేకరి
అన్నీ చదివాను. కోర్టు మెట్లు గారికి, మాస్టారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. చెల్లెలు గారూ, హత్య పుస్తకం పక్కన పెట్టాను. ఆ ఇంటికి నేను విలేకరిగా మూడుసార్లు వెళ్ళాను కానీ ఒక్కసారి కూడా కూర్చోలేదని మీ పోస్టు చదివాకే గుర్తొచ్చింది.

పుస్తకాల పురుగు గారి మాట కూడా మనసులో పెట్టుకున్నాను. రిపోర్టు కాపీలు ఐదుగురికి పంపాను, అందులో ఒకరు వేరే రాష్ట్రంలో ఉంటారు. పీసీబీ ఫిర్యాదు రాసేశాను. ప్రచురణకర్తకి ఫోన్ చేసి విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, పుస్తకం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. చూస్తారో లేదో.

ఒక సంగతి మొదటి పోస్టులో రాయలేదు, రాయడానికి మనసొప్పలేదు. పరీక్ష చేయించిన రెండు సీసాల్లో ఒకటి ఏడో నెల గర్భిణి ఉన్న ఇంటిది. నేను బోరు దగ్గర సీసా నింపుతుంటే ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి "అన్నా, ఇవి తాగొచ్చా?" అని అడిగింది. "రిపోర్టు రానీ తల్లీ, చెప్తా" అన్నాను. రిపోర్టు వచ్చి నలభై రోజులైంది. రేపు పొద్దున్నే బండి తీసుకుని ముందు ఆ ఇంటికే వెళ్తున్నాను.